హెచ్చరిక యంత్రానిది, శిక్ష ఉద్యోగిదా?



సూరత్ నగరంలో మరమగ్గాల మీద బ్రతుకు వెళ్ళదీసే తెలుగు కార్మికుడు స్వగ్రామానికి పోవలెనంటే నవజీవన్ ఎక్స్‌ప్రెస్ ఎక్కుతాడు. ఊరిలోని తల్లిదండ్రులకు పార్సిలు పంపవలెనన్నా, పొదుపు ఖాతాలో నాలుగు రూపాయలు వేయవలెనన్నా పోస్టాఫీసు కౌంటరు ముందు నిలబడతాడు. ఈ రెండు చోట్లా అతనికి ఎదురుపడేది మన ఉద్యోగియే. “సర్వర్ పనిచేయడం లేదు” అని చెప్పవలసినవాడు కూడ మన ఉద్యోగియే. ఆ సర్వర్‌ను కొన్నవారు అక్కడ ఉండరు. దాని నిర్వహణకు సొమ్ము పుచ్చుకొనే కంట్రాక్టరు అక్కడ ఉండడు. ఒక పూట కూలి పోగొట్టుకొని వచ్చిన మనిషి ఆగ్రహం మాత్రం ఆ కౌంటరు అద్దానికే తగులుతుంది.

ఇటీవల సూరత్‌లో మన సభ్యులతో సమావేశమైనప్పుడు ఒక ప్రశ్న పదే పదే ముందుకు వచ్చింది. నెట్‌వర్క్‌ను కనిపెట్టుకొని ఉండే యంత్రం లింకు తెగినప్పుడు ఒక ఈ-మెయిల్ పంపుతుంది. ఆ ఈ-మెయిల్‌ను మనిషి చేయి తగలకుండానే హెల్ప్ డెస్క్ టికెట్టుగా మార్చివేసే పద్ధతి మన పనిలోకి వస్తే అది మనకు మేలా, కీడా? కొందరు మిత్రులు దీనిని మన మెడకు మరొక ఉచ్చు అన్నారు. మరికొందరు, ఫోనులు చేసి చేసి విసిగినవారు, దీనితో కష్టాలు గట్టెక్కుతాయన్నారు. రెండు వాదాలలోను సత్యం కలదు. కనుక ఈ విషయంలో మా అభిప్రాయాన్ని దాపరికం లేకుండా చెప్పడం మా విధి అని భావిస్తున్నాము.

పద్ధతి మంచిదే. అయితే దాని నియమాలను ఎవరు వ్రాస్తారు, దాని గడియారం ఎవరి మీద తిరుగుతుంది అనేవే అసలు ప్రశ్నలు.

ఇందులోని పని

ఇందులో మాయ ఏమీ లేదు. నాగియోస్, జాబిక్స్ వంటి పర్యవేక్షణ సాఫ్ట్‌వేర్లు కొన్ని నిమిషాలకొకసారి ప్రతి రూటరును, ప్రతి స్విచ్చిని, ప్రతి సర్వరును “ఉన్నావా?” అని పిలుస్తాయి. జవాబు రాకపోతే మరి రెండు మూడుసార్లు పిలిచి చూస్తాయి. అప్పటికీ పలుకకుంటే, ఫలానా కార్యాలయపు రూటరు ఫలానా సమయం నుండి పలుకుటలేదని ఒక ఈ-మెయిల్ వ్రాస్తాయి. అది ఇందుకోసమే కేటాయించిన ఒక చిరునామాకు చేరుతుంది. రిక్వెస్ట్ ట్రాకర్, ఓ.టి.ఆర్.ఎస్. వంటి టికెట్ సాఫ్ట్‌వేర్ ఆ ఉత్తరాన్ని చదివి, దానికొక నంబరు వేసి, ఒక విభాగానికో ఒక ఉద్యోగికో అప్పగిస్తుంది. లింకు తిరిగి వచ్చినప్పుడు రెండవ ఉత్తరం వస్తుంది. దానిని చూచి పాత టికెట్టును వెదికి మూసివేస్తుంది.

ఉత్తరానికి నంబరు వేసి, చేతులు మారిన ప్రతిచోటా సంతకం తీసుకొన్న తపాలా తరాలకు ఇది క్రొత్త విద్య కాదు. రైల్వే సిగ్నల్ విభాగపు మిత్రులకు అసలే కాదు. ఏ రిలే ఎప్పుడు ఎత్తుకొన్నది, ఎప్పుడు పడిపోయినది అని కాలంతో సహా వ్రాసిపెట్టే డేటాలాగర్ వారి స్టేషన్లలో ఏనాటి నుండియో ఉన్నది.

దీనివలన ఉద్యోగికి కలిగే మేలు చిన్నది కాదు. లింకు తెగిన సమయాన్ని ఏ పక్షమూ చెరిపివేయలేని విధంగా యంత్రమే నమోదు చేస్తుంది. “పది గంటలకే ఫోను చేశాను” అని గుమాస్తా, “మాకు ఏ సమాచారమూ అందలేదు” అని పై కార్యాలయం వాదులాడుకొనే అవసరం పోతుంది. ఆ వాదులాటలో గెలిచేది ఎప్పుడూ పై కార్యాలయమే అని మనకు తెలియనిది కాదు.

లోపం ఎక్కడ దూరుతుంది

అయితే ఈ రెండు యంత్రాలను ముడివేసేవాడు ఉద్యోగి పనిని ఎరుగనివాడైతే ఏమవుతుందో చూడండి.

ఒక పెద్ద రూటరు వెనుక 60 కార్యాలయాలు ఉన్నాయనుకొందాం. ఆ ఒక్క రూటరు ఆగిపోయింది. దాని వెనుకనున్నవన్నీ దానివల్లనే పలుకలేదన్న సంగతి పర్యవేక్షణ యంత్రానికి ముందుగా నేర్పకపోతే, 60 ఉత్తరాలు పుట్టి 60 టికెట్లవుతాయి. లోపం ఒక్కటి, దానికి కారకుడైన కంట్రాక్టరు ఒక్కడు. కాని నెలాఖరు పట్టికలో మాత్రం క్షేత్రసిబ్బంది 60 ఫిర్యాదులను ఆలస్యంగా పరిష్కరించినట్లు కనబడుతుంది.

సగం చెడిన లింకు ఒకటి గంటకు ఇరవైసార్లు పోయి వస్తున్నదనుకొందాం. ఇది పాత లోపమే అని గుర్తుపట్టే ఏర్పాటు లేకపోతే ప్రతిసారి క్రొత్త టికెట్టు పుడుతుంది. రాత్రంతా మ్రోగే ఈ గంటలను వినీ వినీ మనిషి వినడం మానుకొంటాడు. “నాన్నా, పులి!” కథలోని తండ్రికి పట్టిన గతియే అతనికీ పడుతుంది. నిజమైన పులి వచ్చిన రోజున “నిర్లక్ష్యం” అని వ్రాసేది ఎవరి సర్వీసు రిజిస్టరులో?

మరొక విచిత్రం. ఫిర్యాదు అందగానే “మీ ఫిర్యాదు చేరినది” అని జవాబు వ్రాయడం టికెట్ సాఫ్ట్‌వేర్ అలవాటు. ఆ జవాబు యంత్రపు చిరునామాకు పోయి, అక్కడ నుండి తిరుగుటపాలో వచ్చిపడితే, దానినే క్రొత్త ఫిర్యాదుగా నమోదు చేసుకొంటుంది. దానికి మరల జవాబు వ్రాస్తుంది. రెండు యంత్రాలు ఇట్లు ఉత్తరాలాడుకొంటూ తెల్లవారేసరికి వేలకొలది టికెట్లు పేర్చగలవు. యంత్రం పంపిన ఉత్తరానికి యంత్రం జవాబీయరాదన్న చిన్న నియమం పెడితే ఇది ఆగిపోతుంది. ఆ నియమం పెట్టే పని ఎవరిదో ముందే తేల్చకపోతే మాత్రం ఆ టికెట్లను కూర్చొని మూసేది రాత్రి డ్యూటీ ఉద్యోగియే.

తెగిన లింకు గురించిన కబురు ఆ తెగిన లింకు మీదుగానే పోవలసి ఉంటే ఏమవుతుంది? కబురు చేరదు, టికెట్టు పుట్టదు. తెర మీద అంతా పచ్చగా ఉంటుంది. నిశ్శబ్దాన్ని క్షేమమని నమ్మేవాడు రైల్వేలో ఒక్క రోజు కూడ పనికిరాడు. ఎస్.ఎం.ఎస్. వంటి వేరొక మార్గం ఉండాలి. అంతేకాక, యంత్రం నుండి నియమిత కాలానికి క్షేమవార్త రాకపోవడమే ఒక ప్రమాద సూచనగా పరిగణింపబడాలి.

అన్నిటికన్న పెద్ద మోసం టికెట్టును మూయడంలో ఉన్నది. రూటరు పలికింది, యంత్రం సంతృప్తి చెందింది, టికెట్టు మూతపడింది. కాని కౌంటరు మీద లావాదేవీ ఇంకా కదలలేదు, వరుస కదలలేదు. యంత్రం రూటరును చూచినదే గాని వరుసను చూడలేదు. ఇక 2017 డిసెంబరులో మొదలైన దర్పణ్ పథకం క్రింద చేతిపరికరం పుచ్చుకొని మారుమూల గ్రామంలో కూర్చున్న బ్రాంచి పోస్టుమాస్టరు సంగతి? అతని పరికరానికి సంకేతం అందకపోతే “ఉన్నావా?” అని పిలిచి చూసేదెవరు?

గడియారం కూడ అంతే. కంట్రాక్టరు జరిమానా లింకు ఆగిన నిమిషాలను బట్టి లెక్కింపబడుతుంది. టికెట్టును “నిరీక్షణలో” అన్న గడిలోకి నెట్టివేస్తే ఆ నిమిషాలు లెక్కకు రాకుండా ఆగిపోయే ఏర్పాటు అనేక సాఫ్ట్‌వేర్లలో కలదు. కంట్రాక్టరు గడియారం ఆగినంత మాత్రాన కౌంటరు ముందరి గడియారం ఆగుతుందా? అక్కడి ఉద్యోగికి తిట్లు ఆగుతాయా?

సూరత్ నేర్పిన పాఠం

ఫిర్యాదును ఎట్లు నడపవలెనో నేర్చుకొనుటకు మనం పరదేశాలకు పోనక్కరలేదు. సూరత్ నగరమే చెబుతుంది.

1994 సెప్టెంబరులో ఈ నగరాన్ని ప్లేగు భయం కమ్ముకొన్నది. లక్షలాది జనం దొరికిన బండి పట్టుకొని నగరం విడిచిపోయారు. మురుగు నిలిచిందని, చెత్త పేరుకొన్నదని అంతకుముందు ఎవరికీ తెలియక ఆ దుస్థితి రాలేదు. అందరికీ తెలుసు. తెలిసిన మనిషి ఒక చోట, పని చేయవలసిన మనిషి ఒక చోట, దానికి కావలసిన అధికారం మరొక చోట ఉండిపోవడమే వ్యాధి.

1995 మే నెలలో మునిసిపల్ కమిషనరుగా వచ్చిన సూర్యదేవర రామచంద్రరావు తన అధికారాలను జోనల్ కమిషనర్లకు పంచియిచ్చారు. “ఏ.సి. నుండి డి.సి.” అన్న పేరిట, అనగా చల్లని గదుల నుండి దైనందిన పనులలోకి, అధికారులను ప్రతిదినం వీధులలోకి నడిపించారు. పౌరుని ఫిర్యాదుకు ఒక కార్డు, ఆ కార్డుకు ఒక గడువు, ఆ గడువుకు జవాబు చెప్పే అధికారి ఏర్పడ్డారు. రెండేళ్ళలోపే సూరత్ దేశంలో చండీగఢ్ తరువాత రెండవ పరిశుభ్ర నగరమని ఇన్‌టాక్ సంస్థ పేర్కొన్నది. కీర్తి అధికారి పేరున నిలిచింది. చీపురు పట్టి ఆ నగరాన్ని కడిగిన వేలాది సఫాయీ కార్మికుల పేర్లు ఏ పుస్తకంలోను లేవు. ఆ సంగతి కూడ మనం మరువరాదు.

ఆ కార్డు ఈనాటి టికెట్టు వంటిదే. అది పనిచేసినందుకు కారణం కార్డు కాదు, దాని వెంట అధికారం క్రిందికి దిగి రావడం. టికెట్టును మాత్రం క్రిందికి పంపి, అధికారాన్ని, విడిభాగాలను, మనుషులను పైననే బిగబట్టుకొంటే అది పనిముట్టు కాదు, నేరారోపణ పత్రం.

గంట విన్నవారెవరు?

2022 మే 16న ఖరగ్‌పూర్ డివిజనులోని బాంక్రనయాబాజ్ స్టేషన్‌లో తప్పుడు వైరింగు, కేబుల్ లోపం కారణంగా ఒక సంఘటన జరిగింది. ఎవరూ చనిపోలేదు. అది ప్రమాదఘంటిక. ఏడాది తిరిగి కొద్ది రోజులు గడిచిన తరువాత, 2023 జూన్ 2న, అదే డివిజనులోని బహనాగా బజార్ వద్ద కోరమాండల్ ఎక్స్‌ప్రెస్ లూప్ లైనులోకి పోయి ఆగి ఉన్న గూడ్సు బండిని ఢీకొన్నది. 290 మందికి పైగా ప్రాణాలు పోయాయి. విజయవాడకు, విశాఖకు రావలసిన కుటుంబాలు ఆ బండిలో ఉన్నాయి. మొదటి సంఘటన తరువాత తప్పుడు వైరింగును సరిదిద్ది ఉంటే రెండవది జరిగి ఉండేది కాదని రైల్వే భద్రతా కమిషనరు నివేదికయే చెప్పింది.

అనగా మొదటి గంట మ్రోగింది. ఆ గంటను డివిజను అంతటా పరీక్షగా మార్చే టికెట్టు పుట్టలేదు. 2023 జూలైలో సి.బి.ఐ. అరెస్టు చేసినది మాత్రం ఒక సీనియర్ సెక్షన్ ఇంజనీరును, ఒక సెక్షన్ ఇంజనీరును, ఒక టెక్నీషియన్‌ను. దోషులెవరో న్యాయస్థానం తేలుస్తుంది, దానిలో మేము తలదూర్చము. మొదటి హెచ్చరిక ఎంత ఎత్తు వరకు పోయింది, అక్కడ ఎవరి బల్ల మీద ఆగింది అన్న ప్రశ్నకు కూడ అంతే తొందర చూపాలని మాత్రం అడుగుతున్నాము.

2024 జూన్ 17న రంగపాణి వద్ద కాంచనజంగా ఎక్స్‌ప్రెస్‌ను గూడ్సు బండి వెనుక నుండి ఢీకొన్నది. అక్కడి ఆటోమేటిక్ సిగ్నలింగు తెల్లవారుజామున 5.50 నుండియే చెడి ఉన్నది. యంత్రానికి తెలుసు, స్టేషన్లకు తెలుసు. సుమారు మూడు గంటలు బండ్లు కాగితపు అనుమతుల మీద నడిచాయి. ప్రమాదం జరిగిన రోజుననే రైల్వే బోర్డు తప్పును చనిపోయిన లోకోపైలటు మీదికి నెట్టింది. తరువాత వచ్చిన భద్రతా కమిషనరు నివేదిక అనేక స్థాయిలలోని లోపాలను ఎత్తిచూపింది. చనిపోయినవాడు సంజాయిషీ ఇచ్చుకోలేడు కదా!

టికెట్టును దాచినవారి చరిత్ర

తపాలా మిత్రులు బ్రిటన్ పోస్టాఫీసు చరిత్రను చదివి తీరవలెను. అక్కడ ఫుజిట్సు కంపెనీ తయారుచేసిన హొరైజన్ అనే కంప్యూటర్ వ్యవస్థను 1999లో ప్రవేశపెట్టడం మొదలైంది. లెక్కలలో లేని లోటును అది చూపసాగింది. సబ్ పోస్టుమాస్టర్లు హెల్ప్ లైనుకు ఫోను చేస్తే, “ఈ సమస్య మీ ఒక్కరికే” అని పలువురికి జవాబు వచ్చింది. ఆ లోటును ఇల్లు వాకిళ్ళు అమ్మి కట్టినవారున్నారు, జైలుకు పోయినవారున్నారు. 900 మందికి పైగా దోషులుగా నిర్ణయింపబడ్డారు. కనీసం 13 మంది ఆత్మహత్యలకు ఇది కారణమై ఉండవచ్చునని 2025 జూలైలో విచారణ సంఘం తన తొలి సంపుటిలో పేర్కొన్నది.

అప్పుడు టికెట్లు లేవా? ఉన్నాయి! కంపెనీ సహాయవిభాగంలో సమస్యల టికెట్లు ఉన్నాయి. తెలిసిన లోపాల చిట్టా అనే ఒక గ్రంథమే ఉన్నది. దానిని కోర్టు ముందుకు రప్పించడానికి సబ్ పోస్టుమాస్టర్లు పోరాడవలసి వచ్చింది. 2019 డిసెంబరు 16న న్యాయమూర్తి ఆ వ్యవస్థలో లోపాలున్నాయని తీర్పు చెప్పారు. 2024లో పార్లమెంటు ప్రత్యేక చట్టం చేసి శిక్షలను రద్దుచేసింది. పోయిన ఇరవై సంవత్సరాలను ఏ చట్టమూ తిరిగి ఈయలేకపోయింది.

ఇందులో మనం గ్రహించవలసినది ఒక్కటే. టికెట్టు ఉండటం చాలదు, దానిని చూచే హక్కు ఉద్యోగికి ఉండాలి. యజమాని మాత్రమే చదువగల టికెట్టు ఉద్యోగికి సాక్ష్యం కాదు.

మేము కోరేదేమి?

“మీరు కంప్యూటర్లకు వ్యతిరేకులు” అని మమ్ము ఎగతాళి చేసేవారున్నారు. ఒకనాడు ఉద్యమంలో అనేకులం కంప్యూటరును చూచి ఉద్యోగాలు పోతాయని భయపడిన మాట నిజం. దాచము. కాని 1986లో ఏర్పడిన క్రిస్ సంస్థలో రైల్వే వ్యవస్థలను నడిపినదీ, 2025 ఆగస్టు 4 నాటికి దేశంలోని 1.65 లక్షల పోస్టాఫీసులకు చేరిన ఏ.పి.టి. వ్యవస్థను మైసూరులోని తపాలా సాంకేతిక కేంద్రంలో రూపొందించినదీ మనవంటి ఉద్యోగులే. అంతటి పని చేయగలవారికి హెచ్చరికను టికెట్టుతో ముడివేసే నియమాలను వ్రాయడం కష్టమా? ఆ పనిని మన పని ఎరుగని బయటివారికి గుత్తకు ఈయరాదు. నియమాలు వ్రాసే బల్ల ముందు కౌంటరు ఉద్యోగికి, సిగ్నల్, టెలికాం మెయింటెయినర్లకు కుర్చీ ఉండాలి. మా కోర్కెలు ఇవి:

1. యంత్రం పిలుపుకు జవాబు రాని తొలి క్షణం నుండే గడియారం తిరగాలి. దానిని ఆపితే కారణం వ్రాయాలి. ఆ కారణం బాధిత కార్యాలయానికి కనబడాలి.

2. ఒక లోపానికి ఒక్కటే టికెట్టు ఉండాలి. దానిని బాగుచేయగల అధికారం, సామగ్రి ఎవరి వద్ద ఉన్నవో వారి పేరు మీదనే, కంట్రాక్టరైతే కంట్రాక్టరు పేరు మీదనే, అది ఉండాలి.

3. కౌంటరులోని లేక స్టేషన్‌లోని ఉద్యోగి “పని సాగుతున్నది” అని ధ్రువపరచిన తరువాతనే టికెట్టు మూయాలి. సిగ్నల్ పనిలో టి/351 పత్రం మీద ఇరుపక్షాలు కాలం వేసి సంతకం చేసే సంప్రదాయం మనకున్నది. అదే న్యాయం ఇక్కడా వర్తించాలి.

4. ఈ-మెయిల్‌తో పాటు వేరొక మార్గాన కూడ హెచ్చరిక అందాలి. యంత్రం మూగబోతే అదియే ఒక టికెట్టు కావాలి.

5. ఒకే చోట ఒకే లోపం మూడవసారి వస్తే ఆ టికెట్టు తనంతట తానే పై అధికారికి పోవాలి. అట్టి లోపాల పట్టికను నెలనెలా యూనియన్లకు ఈయాలి.

6. అర్ధరాత్రి ఉద్యోగి సొంత ఫోనుకు వచ్చే హెచ్చరిక డ్యూటీయే. రైల్వేలో 2005 నాటి పనిగంటలు, విశ్రాంతి నిబంధనల క్రింద దానిని లెక్కించాలి. తపాలా శాఖలోను అదే న్యాయం జరగాలి.

7. టికెట్ల సంఖ్యను మాత్రమే ఆధారం చేసుకొని రైల్వేలో ఎస్.ఎఫ్.-5, ఎస్.ఎఫ్.-11లు గాని, తపాలాలో 14వ, 16వ నిబంధనల క్రింద ఛార్జిషీట్లు గాని జారీచేయరాదు. విచారణ జరిగితే హెచ్చరికల పూర్తి చిట్టాను ఉద్యోగికి ఈయాలి.

8. ఖాళీగా ఉన్న మెయింటెయినర్ల, టెక్నీషియన్ల పోస్టులను భర్తీ చేయాలి. మనిషి లేని చోటికి వేగంగా పోయిన కబురు వలన ఏ లింకూ బాగుపడదు.

అంతవరకు సభ్యులకు మా సూచన ఇది. లింకు పోయిన సమయాన్ని, వచ్చిన సమయాన్ని, ఇచ్చిన టికెట్టు నంబరును, కౌంటరు ముందు నిలిచిన జనం సంఖ్యను మీ సొంత నోటు పుస్తకంలో ప్రతిదినం వ్రాసుకొనండి. బ్రాంచి కార్యదర్శికి నెలనెలా దాని నకలు పంపండి. రేపు యంత్రపు చిట్టాను మన ముందు పెట్టినప్పుడు, దాని ప్రక్కన పెట్టుటకు మన చిట్టా ఉండాలి. బ్రిటన్‌లోని ఆ సబ్ పోస్టుమాస్టర్లు ఒంటరిగా ఉన్నంతకాలం ఓడిపోయారు. 555 మంది ఒక్కటై కోర్టుకెక్కిన నాడు గెలిచారు.

రైల్వే, తపాలా ఉద్యోగుల ఐక్యత వర్ధిల్లాలి!